కంట్రోలు గ్రూపు అయ్యవారు

దేవుడు మనిషికి రెండు కిడ్నీలు ఇచ్చింది ఒకటి చెడిపోతే రెండోది ఆదుకుంటుందని కాదు. ఒకటి ఒరిజినల్, రెండోది జిరాక్సు. ఏ ఆఫీసుకు పోయినా రెండూ అడుగుతారని ఆయనకు సృష్టి నాడే తెలుసు. మనుషులకు మాత్రం ఈ సంగతి 2008 దాకా తెలియలేదు. ఆ సంవత్సరమే నంద్యాలలో ఒక పత్తివిత్తనాల అంగడి పైమేడ మీద 'నవకణ మూలకణ చికిత్సా ప్రయోగ కేంద్రం (కిడ్నీ విభాగం)' వెలసింది. ఇంకే విభాగమూ లేదు. అయినా విభాగం అంటే ఆ గౌరవమే వేరు.

బోర్డు మీద 'మూలకణ చికిత్స' అన్న మాటలు బారెడేసి ఉండేవి. 'కిడ్నీ' మాత్రం పెయింటు అయిపోవడంతో చిన్నదైంది. దాంతో మొదటి వారం అవుకు నుంచి, సంజామల నుంచి మూలశంక రోగులు వచ్చి బారులు తీరారు. కేంద్రంవారు మర్యాదగా కుర్చీలు చూపించారు. ఒక్కరూ కూర్చోలేదు. 'కుర్చీలున్నా ప్రజలు ఉత్సాహంతో నిలబడే వేచి ఉన్నారు' అని కేంద్రం తన మొదటి నివేదికలో రాసుకుంది.

ఆళ్లగడ్డ కృపమ్మ మాత్రం సరైన జబ్బుతోనే వచ్చింది. జబ్బు ఆమెది కాదు, మొగుడు దేవసహాయానిది. ఆయన మిషను బళ్లో తెలుగు అయ్యవారుగా చేసి రిటైరయ్యాడు. పొద్దున లేస్తే మొహం ఉబ్బి ఉండేది, సాయంత్రానికి ఆ ఉబ్బు కాళ్లలోకి దిగేది. అన్నం మన్ను తిన్నట్టుంది అనేవాడు. కిడ్నీలు సగం పైగా పోయాయి, ఇంకొంచెం పోతే డయాలసిస్సే అని డాక్టర్లు తేల్చారు. ఆ మాట వింటేనే కృపమ్మ చెవులు మూసుకునేది. వాళ్ల వదిన జీవమ్మ మొగుడు అట్లాగే కర్నూల్లో ఆ డయాలసిస్ మిషను పక్కన పడుకుని మళ్లీ లేవలేదు. తన మొగుణ్ణి ఆ మిషను దాకా పోనివ్వకూడదు. కృపమ్మకు ఈ లోకంలో ఇంకో కోరిక లేదు.

"మూలకణమంటే విత్తనం లాంటిది మే," అని దేవసహాయం ఆమెకు పాఠం చెప్పాడు. "మన ఎముకలోంచే తీసి, పెంచి, మళ్లీ మనకే ఎక్కిస్తారంట. పోయి కిడ్నీలో మొలుస్తాదంట."

"కింద అంగడోళ్లు గూడా పోయినేడు అట్లనే చెప్పిరి. మొలిచినాయా?" అంది కృపమ్మ.

"మొలుస్తాదో లేదో చూసేదానికే కదా ఈ ప్రయోగం."

ఆ మాట నిజమే. అది పనిచేస్తుందని ఎవరికీ తెలియదు, పనిచేయదనీ ఎవరికీ తెలియదు. ఇంత గొప్ప అజ్ఞానాన్ని క్రమపద్ధతిలో నిర్వహించడానికి ఒక సమర్థురాలు కావాలి కాబట్టి కేంద్రం శ్రీమతి ఉమామహేశ్వరమ్మ గారిని ప్రయోగ సమన్వయాధికారిణిగా నియమించింది. ఆమె సర్వీసంతా కంట్రోలు సరుకుల ఆఫీసులో గడిపి పదవీ విరమణ చేసిన మనిషి. వైద్యం తెలియదు. కానీ కిరోసిను తక్కువై జనం ఎక్కువైన చోట ఎట్లా నెగ్గుకురావాలో ఆమెకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. (ప్రధాన పరిశోధకుడైన పెద్ద డాక్టరు హైదరాబాదులో ఉండేవాడు. నంద్యాలలో ఆయన ఫొటో ఉండేది. ఫొటో రోజూ టైముకు డ్యూటీలో ఉండేది.)

ఉమామహేశ్వరమ్మ రక్తపరీక్ష కాగితం చూసి పెదవి విరిచింది.

"మీ ఆయన ఇంకా అర్హత సాధించలేదమ్మా. కొంచెం చెడిపోయినాక రండి."

"ఎంత చెడిపోవాల?"

"బాగా చెడిపోవాల. అట్లని మరీ చెడిపోగూడదు. మరీ చెడిపోతే ప్రయోగానికి పనికిరారు."

"ఎంత చెడిపోవాల్నో కాగితం మీద రాసియ్యి తల్లీ," అంది కృపమ్మ. "ఆయప్ప అయ్యవారు. రాసిస్తే అంతే చెడిపోతాడు."

దేవసహాయం ఆమె మాట నిలబెట్టాడు. ఎండలు ముదిరేసరికి ఆయన క్రియాటినిన్ సరిగ్గా నిబంధనలు కోరిన చోటికి వచ్చి నిలిచింది. కృపమ్మ వాడంతా లడ్లు పంచింది. (కిడ్నీ చెడిపోయిందని నోరు తీపి చేసిన ఇల్లు ఆళ్లగడ్డలో అదొక్కటే.) ఆదివారం చర్చిలో కృతజ్ఞతా ప్రార్థన కూడా పెట్టించింది. పాస్టరు యేసురత్నం గారు కళ్లు మూసుకుని, దేనికి కృతజ్ఞత చెప్పాలో తెలియక చాలాసేపు తటపటాయించి, 'క్రియాటినిన్ పెరిగినందుకు స్తోత్రం' అన్నారు. సంఘమంతా ఆమెన్ అంది.

తర్వాత సమ్మతి పత్రం వచ్చింది. ఇటుకంత మందం. దేవసహాయం దాన్ని ఎర్రపెన్ను పట్టుకుని చదివాడు. జీవితమంతా ఆయనకు ఇంకోరకంగా చదవడం రాలేదు. 'రోగి మరణిస్తే కేంద్రానికి ఎటువంటి భాద్యత లేదు' అన్న చోట ఆగి, 'భాద్యత' కొట్టేసి 'బాధ్యత' అని దిద్దాడు. మిగతా వాక్యం బాగానే ఉందన్నాడు. కేంద్రంవారు పత్రాన్ని తిప్పి పంపారు. రోగి తన మరణం విషయంలో సంతకం పెట్టవచ్చుగానీ దిద్దుబాట్లు చేయకూడదట. రెండో పత్రం వచ్చే లోపల కృపమ్మ ఎర్రపెన్నును బియ్యం డబ్బాలో దాచింది.

అసలు రోజు రానే వచ్చింది. నిబంధన ఏమిటంటే, ఎవరికి ఏమి ఎక్కించాలో కంప్యూటరు లాటరీ వేసి తేలుస్తుంది. మనిషి చెయ్యి పడకూడదు, మనసు అసలే పడకూడదు. కేంద్రంలో కంప్యూటరూ ఉంది, లాటరీ కూడా ఉంది. కరెంటు లేదు. ఉన్న ఒక్క ఇన్వర్టరూ మూలకణాల ఫ్రిజ్జుకు తగిలించారు. ఉమామహేశ్వరమ్మ గారు కొంచెం ఆలోచించి, గోడకు రెండు అట్టలు తగిలించమంది. ఒకదాని మీద 'ట్రీట్‌మెంట్ గ్రూపు', ఇంకొకదాని మీద 'కంట్రోల్ గ్రూపు' అని రాసి ఉంది.

"ఎవురు ఏ లైనులో నిలబడాల్నో మేము చెప్పగూడదు," అని ప్రకటించింది. "చెప్తే లాటరీ అనిపించుకోదు. మీకు మీరే నిలబడండి. దాన్నే మేము అదృష్టం అని రాసుకుంటాం."

"కంట్రోలంటే ఏందమ్మా?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

ఉమామహేశ్వరమ్మకు ఆ ప్రశ్న వింతగా తోచింది. ఆమె సర్వీసంతా దానికే సమాధానం. "కంట్రోలంటే తెలీదా? ఏ ఊరప్పా మీది?" అంది.

అంతే. పాఠకులకు చెప్పాల్సిన పనిలేదు. ఈ జిల్లాలో 'కంట్రోలు' అన్న మాట ఇంగ్లీషుదని నమ్మేవాడు లేడు. కంట్రోలు బియ్యం, కంట్రోలు చక్కెర, కంట్రోలు కిరోసిను. ఇంట్లో దేవుడి పటం లేకపోయినా రేషనుకు తెల్లకార్డు ఉంటుంది. కంట్రోలంటే సర్కారు సరుకు, కార్డున్నవాడికి ఇచ్చి తీరాలి. ట్రీట్‌మెంటంటే ప్రైవేటు ఆసుపత్రి. బిల్లు వస్తుంది, ఆపైన ఇంకో టెస్టు, దాని వెనకే ఇంకో బిల్లు. ఈ తేడా ఆలోచించి తెలుసుకునేది కాదు. కాళ్లకే తెలిసిపోతుంది. మేడ మీద ఉన్న కాళ్లన్నీ ఒక్కసారిగా కంట్రోలు అట్ట కిందికి ఉరికాయి.

దేవసహాయం ఒక్కడే ఆగాడు. "ట్రీట్‌మెంటంటే చికిత్స కదమ్మే," అన్నాడు నసుగుతూ.

"నీకు తెలుగు తెలుసు, నాకు లైన్లు తెలుసు. పా!" అని కృపమ్మ ఆయన చెయ్యి పట్టి లాగింది.

కంట్రోలు అంగడి నుంచి ఖాళీ డబ్బాతో ఇంటికి తిరిగొచ్చిన రోజు ఆమె జీవితంలో లేదు. డీలరు 'స్టాకు లేదు' అని పలక తగిలిస్తే, ఆ పలక వెనకాల ఏ మూల ఎంత స్టాకుందో చెప్పగల మనిషి. ఆ అనుభవమంతా ఆ రోజు మోచేతుల్లోకి దిగింది. ఇద్దరిని పక్కకు నెట్టి, ఒకావిడ పమిట కాలితో తొక్కిపట్టి, మొగుణ్ణి లైనులో మొట్టమొదట నిలబెట్టింది. తెల్లకార్డు తీసి టేబులు మీద పెట్టింది. ఉమామహేశ్వరమ్మ కూడా అలవాటుకొద్దీ దాని మీద టిక్కు కొట్టింది.

ట్రీట్‌మెంట్ అట్ట కింద ఒకే ఒక్క మనిషి నిలబడ్డాడు. నల్లమలలో చెంచుగూడెం నుంచి వచ్చిన బయ్యన్న.

"నువ్వు గూడా ఈ లైనులోకి రాన్నా," అని కృపమ్మ జాలిపడి పిలిచింది.

"నాకు కార్డు లేదమ్మా," అన్నాడు బయ్యన్న. "డోరు నంబరు చెప్పమన్నారు. మాకు డోరే లేకపాయె. కంట్రోలు నాకెవురిస్తారు?"

అయ్యో పాపం అనుకుంది కృపమ్మ. ఆ రాత్రి ప్రార్థనలో బయ్యన్న కోసం కూడా ఒక మాట చెప్పుకుంది.

మందు ఎక్కించడానికి 'డబుల్ బ్లైండ్' అనే పద్ధతి ఉంది. ఏం ఎక్కుతోందో రోగికీ తెలియకూడదు, ఎక్కించేవాళ్లకూ తెలియకూడదు. సమ్మతి పత్రంలో దీన్ని 'జంట అంధత్వం' అని తెలుగు చేశారు. పత్రాన్ని పట్టుకుని ఉమామహేశ్వరమ్మ గారు ఆ విధానాన్ని అక్షరాలా అమలు చేసింది. సూది గుచ్చేటప్పుడు నర్సూ రోగీ ఇద్దరూ కళ్లు గట్టిగా మూసుకోవాలి. సీసాకు తెల్లకాగితం చుట్టి, దాని మీద 'రహశ్యం' అని రాయించింది.

నర్సు ఫెబా ఆళ్లగడ్డ చర్చి పిల్లే. కళ్లు మూసుకుని దేవసహాయం చేతి మీద నరం కోసం తడిమింది. మొదట దుప్పటికి గుచ్చింది. తర్వాత మంచానికి. తర్వాత దేవుడి దయవల్ల నరానికి. కృపమ్మ పక్కనే నిలబడి కళ్లు తెరుచుకుని చూస్తూ ఉంది. (తోడు వచ్చినవాళ్లు కళ్లు మూసుకోవాలని ఏ నిబంధనా లేదు. ఈ ఒక్క లోపాన్ని కేంద్రం తర్వాత సవరించింది.)

సీసా చెమర్చింది. కాగితం తడిసి గాజుకు అతుక్కుంది. కింద నీలం అక్షరాలు తేలాయి. కృపమ్మకు చదువు అంతంతే, కానీ ఆ సీసాను గుర్తుపట్టడానికి చదువక్కర్లేదు. ఆళ్లగడ్డలో ఆరెంపీ డాక్టరు నీరసం అని పోయిన ప్రతివాడికీ ఎక్కించేది దాన్నే.

"ఏందే ఫెబా, ఇది సెలైనే కదే?"

"నేను చూళ్లేదు పెద్దమ్మా. చూడగూడదు," అంది ఫెబా, మూసిన కళ్లలోంచి నీళ్లు కారుతుంటే.

వరండాలోకి లాక్కెళ్లి నిలదీస్తే అప్పుడు చెప్పింది. "కంట్రోలంటే మందు ఇయ్యరు పెద్దమ్మా. ఉత్త ఉప్పునీళ్లు. మందు ఎక్కినోళ్లు, ఎక్కనోళ్లు ఎట్లుండారో పక్కపక్కన పెట్టి చూస్తారు. అంతే."

కృపమ్మకు తను నెట్టిన ఇద్దరూ, తొక్కిన పమిటా గుర్తొచ్చాయి. చికిత్స కదమ్మే అని ఆయన నసిగిన మాట గుర్తొచ్చింది. తన చేతులతోనే లాక్కొచ్చింది. ఆ చేతుల్ని నరుక్కోవాలనిపించింది.

తిరుగు బస్సులో శిరివెళ్ల దాటేదాకా ఆమె కిటికీలోంచి బయటికే చూసింది. దేవసహాయం మాత్రం హుషారుగా ఉన్నాడు. "చల్లగా పోయింది మే లోపలికి. పని చేస్తాన్నట్టే ఉంది. చూడు, కాళ్ల వాపు తగ్గలా?"

కృపమ్మ వంగి చూసింది. కాళ్లు పొద్దున ఎట్లా ఉన్నాయో అట్లాగే ఉన్నాయి.

"తగ్గిందిలే," అంది.

మర్నాడు ఒక్కతే నంద్యాల వచ్చి ఉమామహేశ్వరమ్మ ముందు నిలబడింది. "అమ్మా, తెలీక నిలబడినాం. మా ఆయన్ను ఆ లైనులోకి మార్చు. నీ కాళ్లు పట్టుకుంటా."

"కార్డు ఒక అంగడిలో ఉంటే సరుకు ఇంకో అంగడిలో ఇస్తారా?"

"ఇయ్యరు."

"తెలుసు కదా మరి. అయినా మీ ఆయన బాగుపడితే మా లెక్కలు చెడిపోతాయమ్మా."

"చెడిపోనీమ్మా!" అని అరిచింది కృపమ్మ. "లెక్కలకేమన్నా డయాలసిస్ చేస్తారా?"

ఉమామహేశ్వరమ్మ నొచ్చుకోలేదు. కిరోసిను కాలంలో ఇంతకన్నా పెద్ద మాటలు పడింది. రూలు ప్రకారం ఫిర్యాదుల పెట్టె చూపించింది. పెట్టెకు తాళం ఉంది, కాగితం వేసే సందు లేదు.

కృపమ్మ మొగుడికి ఏమీ చెప్పలేదు. నెలనెలా నంద్యాల తీసుకుపోయి, కళ్లు మూసుకోమని చెప్పి, ఉప్పునీళ్లు ఎక్కించుకొచ్చేది. ఆయన ప్రతిసారీ వాపు తగ్గిందనేవాడు. ఆమె ప్రతిసారీ అవుననేది. బయ్యన్న మొదట్లో రెండుమూడుసార్లు కనిపించి, ఆ తర్వాత రావడం మానేశాడు. వెదురు నరికే పనికి అడవి లోపలికి పోయాడని చెప్పుకున్నారు. కేంద్రం ఆయనకు రిజిస్టరు పోస్టు పంపింది. డోరు నంబరు లేదని అది తిరిగి వచ్చింది.

చలికాలం వచ్చేసరికి దేవసహాయానికి ఆయాసం మొదలైంది. ఒక తెల్లవారుజామున పక్క మీద పడుకోలేక కూర్చుండిపోయాడు. ఏ మిషను పేరు చెబితే కృపమ్మ చెవులు మూసుకునేదో, కర్నూలు పెద్దాసుపత్రిలో ఆ మిషను పక్కకే ఆయన్ను చేర్చారు. రక్తం ఎర్రటి గొట్టాల్లో బయటికి పోయి లోపలికి వస్తుంటే ఆమె ఇక తట్టుకోలేకపోయింది.

"నేనే నిన్ను ఆ పాడు లైనులో నిలబెట్టినా," అని బావురుమంది. "నీకు ఎక్కింది ఉప్పునీళ్లయ్యా! మొదటి రోజే చూసినా. చెప్పలేకపోయినా."

"నాకు తెలుసులే మే."

"ఏందీ?"

"రహస్యంలో 'స' తీసేసి 'శ' పెట్టినారు. చూసినప్పటి నుంచి ఒకటే దురద. కళ్లు మూసుకోమంటే ఎట్లుంటాను? ఒక కన్ను తెరిచి చూసినా. సీసా కనపడింది."

"మరి వాపు తగ్గింది, తగ్గింది అంటివే?"

"లైనులో ఫస్టు నిలబెట్టినానని నువ్వు అంత సంబరపడితివి. నీ సంబరం చెడగొట్టడమెందుకులే అనుకుంటి."

డబుల్ బ్లైండ్ పద్ధతి ఆ ప్రయోగం మొత్తంలో సక్రమంగా అమలైంది వీళ్లిద్దరి మధ్యే.

కృపమ్మ కళ్లు తుడుచుకుని పక్క మంచం వైపు తిరిగింది. అక్కడ కూడా అవే గొట్టాలు. గొట్టాల చివర బయ్యన్న.

"నువ్వా అన్నా? నీకు అసలు మందే కదా ఎక్కించింది!"

"ఎక్కించినారమ్మా," అన్నాడు బయ్యన్న ఆయాసపడుతూ. "యాడికి పోయిందో మరి."

ప్రయోగ ఫలితాల సభ నంద్యాలలో జరిగింది. కంట్రోలు గ్రూపు రోగులందరికీ ప్రశంసాపత్రాలు ఇస్తామంటే, దేవసహాయం తరఫున కృపమ్మ వెళ్లింది. ఉమామహేశ్వరమ్మ గారు మైకు పట్టుకుని ఫలితం చదివింది. కంట్రోలు గ్రూపులో అందరూ అనుకున్నట్టే క్షీణించి ప్రయోగానికి పూర్తిగా సహకరించారు. ట్రీట్‌మెంట్ గ్రూపులో క్షీణించినట్టు ఒక్క రిపోర్టు కూడా రాలేదు. కాబట్టి చికిత్స నూటికి నూరుపాళ్లు విజయం. వచ్చే నెల నుంచి దుడ్లు కట్టినవారికి అందరికీ ఇస్తారు. సభ చప్పట్లు కొట్టింది.

కృపమ్మ ప్రశంసాపత్రం అందుకుంటూ ఆమె చెవిలో చెప్పింది. "బయ్యన్న అడవిలో లేడమ్మా. కర్నూల్లో మా ఆయన పక్క మంచంలోనే ఉండాడు. అదే మిషను మీద."

"ఆయన మాకు దొరకలేదమ్మా."

"నేను చూపిస్తాను, రా."

"చూపించొద్దు తల్లీ," అంది ఉమామహేశ్వరమ్మ, మైకుకు చెయ్యి అడ్డం పెట్టి. "దొరికితే చెడిపోయినట్టు రాయాల. దొరకనంత కాలం ఆయనకు నయమైనట్టే."

కృపమ్మ కర్నూలు వచ్చి పత్రాన్ని మొగుడి చేతికిచ్చింది. బియ్యం డబ్బాలోంచి తీసి కొంగున ముడేసుకున్న ఎర్రపెన్నును కూడా ఇచ్చింది. దేవసహాయం సూది లేని చేత్తో పత్రం పైకెత్తి చదివాడు. 'నియమ నిభందనలకు లోబడి సంతృప్తికరంగా క్షీణించినందుకు' అని ఉంది. 'నిభందనలకు' కొట్టేసి 'నిబంధనలకు' అని దిద్దాడు. మిగతా వాక్యం బాగానే ఉందన్నాడు.

"అయ్యవారికి కాగితమిచ్చినారు. మరి నాకేమీ ఇయ్యలేదా?" అని అడిగాడు బయ్యన్న పక్క మంచం మీంచి.

"నీకు నయమైపోయిందంటన్నా," అంది కృపమ్మ. "ఎవురికీ కనపడకుంటే చాలంట."